మాత్ర వెనక మాత్ర

"ముందు ఆ సంచీ ఇలా బోర్లించండి," అంది డాక్టరు.

కూతురు బోర్లించింది. మాత్రల స్ట్రిప్పులు బల్లంతా పరుచుకున్నాయి.

డాక్టరు వయసులో కూతురికంటే బాగా చిన్నది. ఈ పిల్లకేం తెలుస్తుందిలే అనుకుంటూనే లోపలికొచ్చింది కూతురు. కానీ ఇంకో దారి లేదు. అమ్మ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. వేళాపాళా లేకుండా లేచి తిరుగుతోంది, పడుతోంది. వృద్ధాశ్రమంలో గది మాట్లాడేశానని, సోమవారం దింపేసి వస్తానని అన్నయ్య తెగేసి చెప్పాడు. చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట, వయసు మీద పడిందని. వయసనేది ఒకటి దొరికితే ఇక ఎవరూ బుర్ర పెట్టక్కర్లేదు కదా. ముసలివాళ్ళకే వైద్యం చేసే ఈ ఒక్కచోట చూపించి వస్తానని అన్నని బతిమాలుకుని బయల్దేరింది.

డాక్టరు కుర్చీ లాక్కుని అమ్మ మోకాళ్ళ దగ్గరికి జరిగింది. అడిగేదేదో అమ్మనే అడిగింది. జవాబు కోసం అమ్మ వెతుక్కుంటుంటే తొందరపెట్టలేదు. కూతురు మధ్యలో అందించబోతే చేత్తోనే వారించింది. పడుకోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి మళ్ళీ చూసింది. తలుపు దాకా నడిపించి, వెనక్కి తిప్పి, ఆ పాదాలవంకే కన్నార్పకుండా చూసింది. ఒక ముసలి మనిషిని ఇలా కూడా చూడొచ్చా అని కూతురు నివ్వెరపోయింది.

ఏ మాత్ర ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగితే, కూతురు తడుముకోకుండా చెప్పింది. ఆ వరసలోనే డాక్టరు వాటిని పక్కపక్కన పేర్చింది.

"మొదట ఇది, బీపీకి. దీనివల్ల కాళ్ళు వాచాయి. ఆ వాపుకి ఈ రెండోది. దీంతో మాటిమాటికీ బాత్రూంకి పరుగు, బట్టలు తడుపుకోవడం. అది ఆగడానికి ఇదిగో, ఈ మూడోది. పెద్దవాళ్ళలో ఇది మతిని చెదరగొడుతుందండీ. అమ్మగారిది మతిమరుపు జబ్బు కాదనిపిస్తోంది. మూడోది ఆపి, మొదటిది మార్చి, వాపు తగ్గాక రెండోదీ ఆపేసి చూద్దాం. కొన్ని వారాల్లో మీ అమ్మ మీకు దక్కుతుందని నా నమ్మకం."

ఇన్నాళ్ళూ కూతురి కళ్ళెదుటే ఉన్నది ఇప్పుడు బల్లమీద తేటతెల్లంగా కనిపిస్తోంది. ఆ చిన్నదాని చేతులకి దండం పెట్టాలనిపించింది.

"మా డాక్టరమ్మనేం అనకు తల్లీ," అంది అమ్మ ఉన్నట్టుండి. "బంగారంలాంటిది. ఎంత పనున్నా నన్ను చూడకుండా పోదు." ఆ మాట అని, పక్కనున్న కూతురివంక ఎవరో కొత్త మనిషన్నట్టు చూసింది.

నేనేమీ అననులే అమ్మా అని డాక్టరు నవ్వి, కూతురివైపు తిరిగింది.

"నిజంగానే ఆవిడ తప్పు లేదండీ. పసిపిల్లల గురించి నేర్పినదాంట్లో వీసమెత్తు కూడా వయసు మళ్ళినవాళ్ళ గురించి మాకు కాలేజీలో నేర్పరు. నేనూ తర్వాత వేరే వెళ్ళి నేర్చుకున్నదే. ఇంకెంతమందికి ఇలాగే రాస్తున్నారో ఏమో. ఆవిడ నంబరివ్వండి, నేనే మెల్లగా చెబుతాను."

కూతురు అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఫోను అక్కర్లేదు," అంది.

"ఆ డాక్టర్ని నేనే."