మంచుకు తడిసిన మంచం

“ఈ మంచం ఎంత బాబూ?” కారు దిగుతూనే అడిగింది డార్లా.

ఇంటిముందు గడ్డిలో వంటింటి కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి ఆమె వంక చాలాసేపు చూశాడు. నలభై ఏళ్ళుంటాయేమో, గడ్డం మాసి ఉంది. చివరికి, “ఇరవై డాలర్లు,” అన్నాడు.

డార్లా మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. ఏళ్ళ తరబడి, ఇళ్ళముందు పాత సామాను పరిచి అమ్మే యార్డ్ సేల్స్ చుట్టూ తిరిగి ఆమె నేర్చిన మొదటి విద్య అది. వస్తువు చూసి మొహం వెలిగిందా, ఇక ధర దిగదు. కానీ మంచం ఆమెకు ఇవాళే కావాలి. రేపు సాయంత్రం పిల్లల సంక్షేమశాఖ నుంచి ఒకావిడ డార్లా మనవరాలిని వెంటబెట్టుకుని వస్తుంది. పిల్లకంటూ ఒక మంచం కనబడితే ఇక్కడ వదిలి వెళ్తుంది. లేకపోతే అటునుంచి అటే ముక్కూమొహం తెలియని వాళ్ళింటికి తీసుకుపోతుంది.

కొత్తది కొనే స్తోమత లేదు. వృద్ధాశ్రమంలో రాత్రంతా పనిచేసి, కునుకైనా తీయకుండా తిరుగుతుంటే, వెళ్ళిన చోటల్లా కప్పులూ సాసర్లే. ప్రాణం ఉసూరుమని ఇంటిదారి పట్టిన వేళ, వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, ఈ మలుపులో గడ్డినిండా సామాను కనబడింది. బోర్డు లేదు, దారి చూపే బాణం గుర్తు లేదు, వస్తువుల మీద ధర చీటీలూ లేవు. అమ్మడం చేతకానివాడి దగ్గరే బేరం బాగా తెగుతుందని డార్లా నమ్మకం.

పరుపు మీద చెయ్యేసి నొక్కి చూసింది. చెమ్మగా తగిలింది.

“సామాను రాత్రే పరిచేసినట్టున్నావే! పొద్దున్నే లేవడానికి బద్ధకమా? చూడు, మంచుకు ఎలా తడిసిపోయిందో. దీన్ని ఆరబెట్టుకోవడానికే నాకు రోజంతా పడుతుంది. పది చేసుకో.”

అతను పరుపు వంక చూసి, “సరేనమ్మా,” అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి డార్లాకు సంతోషం కలగలేదు సరికదా, ఐదే అడగాల్సిందని మనసు పీకింది. బేరాలకు అలవాటుపడ్డ ప్రాణం మరి!

ఆగిన కారును చూసి ఇంకో కారు ఆగింది. దాన్ని చూసి మరొకటి. శనివారం పొద్దున ఆ ఊరి తీరే అంత. ఒకావిడ పెనం చేతబట్టుకుని ఎంతంటే రెండన్నాడు. ఒకటి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. టోస్టరు తీసుకున్నాయన అందులో రొట్టెపొడి ఇంకా అలాగే ఉందని సణిగి, అర డాలరు తగ్గించుకున్నాడు. దుప్పట్లు, గోడ గడియారం, గిన్నెలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. అతను ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఎంతన్నవాళ్ళకు ఏదో ఒకటి చెప్పాడు, తగ్గించమన్నవాళ్ళకు తగ్గించాడు.

మంచం మాత్రం తనే విప్పిపెట్టాడు. ఏ స్క్రూ ఎక్కడుందో చూడకుండానే చెయ్యి అక్కడికి పోతోంది. తలవైపు చెక్కమీద నక్షత్రాల బొమ్మలు వంకరటింకరగా అంటించి ఉన్నాయి.

“మీ పాపదా? పెద్దదైపోయిందా?” అనడిగింది డార్లా.

“ఏడేళ్ళు.”

“మా పిల్లకూ ఏడే. మరి దానికి కొత్త మంచం కొన్నావా?”

“ఇంకా లేదమ్మా,” అంటూ అతను జారిపోయిన స్క్రూ కోసం గడ్డిలో వెతికాడు.

డార్లాకు కాళ్ళు పీకుతున్నాయి, గొంతు ఎండిపోతోంది. కాసిని మంచినీళ్ళు ఇమ్మంది. అతను తలుపు వంక ఒకసారి చూసి, లోపల నీళ్ళు రావడం లేదన్నాడు. తన కుర్చీ కింద సీసాలో సగం మిగిలిన నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తలుపుకు కొత్త తాళం తళతళలాడుతోంది. ఇల్లు అమ్మేసి ఇంకా మంచిచోటికి పోతున్నట్టున్నాడు, అదృష్టవంతుడు అనుకుంది డార్లా. ఆ అదృష్టంలో తనకూ ఇంత ముక్క దొరికినందుకు దేవుడికి దణ్ణం కూడా పెట్టుకుంది.

ఇద్దరూ కలిసి పరుపునూ చెక్కలనూ కారు మీదకు ఎత్తారు. అప్పటికి గడ్డిలో కుర్చీ ఒక్కటే మిగిలింది. ఎవరో దాని ధర కూడా అడిగారు. అదీ ఇచ్చేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

డార్లా తాడు బిగిస్తుండగా ఒక ఖాళీ ట్రక్కు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన పెద్దాయన భుజాన తాళ్ళు, చంకలో పాత గోనెపట్టాలు ఉన్నాయి. ఇంటిముందు గడ్డి మొత్తం కలయజూశాడు.

“ఒరే వెండెల్, ఈ ట్రక్కు దొరికేసరికి ఇంత ఆలస్యమైందిరా. సామానేదీ?”

“అమ్మేశానన్నయ్యా.”

“అమ్మేశావా? నీకోసం గది ఖాళీ చేసి పెట్టానే! రాత్రి పాప మా ఇంట్లోనే పడుకుంది, దాని మంచానికని మీ వదిన కిటికీ పక్కన చోటు కూడా చూసిందిరా. నిన్నెవరు అమ్మమన్నారు?”

డార్లా చేతిలో ముడి సగంలో ఆగిపోయింది.

వెండెల్ ఆమె వైపు చూడలేదు.

“పొద్దున ఈవిడొచ్చి మంచం ఎంత అని అడిగింది,” అన్నాడు మెల్లగా. “అద్దె కట్టలేదని నిన్న సాయంత్రం మమ్మల్ని సామానుతో సహా బయట పడేశారని చెప్పడం కంటే, ఇరవై అనడమే తేలికనిపించిందన్నయ్యా.”