అడిగితే ఇవ్వని కొమ్మ

"అది తప్ప ఇంకేదైనా అడుగమ్మాయ్. ఆ గులాబీ జోలికి మాత్రం రాకు," అంది బసవమ్మ మొహం మీద కొట్టినట్టు.

హరిచందన తెల్లబోయింది. ఆగిరిపల్లిలో ఆ వీధి మొత్తానికి బసవమ్మ చెయ్యి పెద్దది. తోటలో కాయ దిగితే చిన్నరసాలు బుట్టలతో పంచుతుంది. కరివేపాకు కావాలంటే ఎవరైనా సరే గేటు తీసుకుని వెళ్ళి తుంచుకోవచ్చు. కిందటి వారమే మల్లె అంటు, కనకాంబరం నారు పిలిచి మరీ ఇచ్చింది. అలాంటి మనిషి ఒక్క నాటు గులాబీ దగ్గర ఇంత పిసినారి ఎందుకయింది?

"కొమ్మే కదా పిన్నిగారూ. జానెడు చాలండి."

"జానెడు కాదు, గోరంత కూడా ఇవ్వను. నర్సరీ బండి వస్తుందిగా, కొనుక్కో."

ఆ బండి మీద ఎన్ని కొనలేదు! తెచ్చిన రోజు గుత్తులు గుత్తులుగా విరగబూసిన హైబ్రిడ్ గులాబీలు నెల తిరక్కుండా పుల్లలయ్యాయి. పూసిన నాలుగింటికైనా వాసనుందా అంటే అదీ లేదు. బసవమ్మ గులాబీ అలా కాదు. చిన్న పువ్వే, వెలిసినట్టుండే లేత రంగే. కానీ అది విచ్చుకుందంటే గోడకివతల బట్టలారేస్తున్న హరిచందన చేతిలో క్లిప్పు చేతిలోనే ఉండిపోయేది. ఇంట్లో ఇంకే పూలమొక్కా లేకపోయినా సరే, ఆ ఒక్కటీ ఉండాలని మనసు పడింది.

"ఆవిడ ఎందుకివ్వనందంటారు?" అని సాయంత్రం మొగుణ్ణి అడిగింది.

"ఊరందరికీ అన్నీ ఇస్తుందిగా, తనకంటూ ఒక్కటైనా ఉండొద్దా? వదిలెయ్," అన్నాడు కృష్ణకాంత్.

వదల్లేకపోయింది. మర్నాడు మధ్యాహ్నం బసవమ్మ కునుకు తీసే వేళ చూసి, కరివేపాకు వంకతో వాళ్ళ పెరట్లోకి వెళ్ళింది. పెన్సిలంత లావు కొమ్మ కత్తిరించి, కరివేపాకు రెబ్బల మధ్య దాచి, చున్నీ కప్పుకుని వచ్చేసింది. మామిడికాయల సీజను అయిపోయి తమ పెరట్లో కాయలు సర్దే ప్లాస్టిక్ ట్రేలు దొంతర్లుగా పడున్నాయి. వాటి వెనక కుండీలో గుచ్చి, పైకొసకి పేడముద్ద పెట్టింది.

ఆ రోజు నుంచి ఆమెకి కంటి మీద కునుకు లేదు. బసవమ్మ పెరటివైపు చూడ్డానికే మొహం చెల్లక బట్టలు డాబా మీద ఆరేయడం మొదలుపెట్టింది. కరివేపాకు బజార్లో కొంటోంది. బసవమ్మ మాత్రం ఊరుకోలేదు. గోడ మీంచి తొంగి చూసేది.

"ఏంటమ్మాయ్, ఆ ట్రేల వెనక అస్తమానం ఏం చేస్తున్నావ్?"

"ఏం లేదండి, గిన్నెలు తోముతున్నా."

అక్కడ కుళాయే లేదు. బసవమ్మ "ఊఁ" అని ఊరుకుంది. ఇంకో రోజు, "వాన పట్టింది, నీళ్ళు నిలవకుండా చూసుకో," అంది.

"దేనికండీ?"

"దేనికైనా."

హరిచందన గబగబా లోపలికొచ్చేసింది. ఈవిడకి తెలిసిందా? తెలిస్తే తిట్టదేం? తెలియకపోతే ఈ మాటలేంటి? "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస," అని కృష్ణకాంత్ నవ్వాడు. కొమ్మకి మాత్రం ఈ గొడవేం పట్టలేదు. చిగురేసింది, కొమ్మలేసింది, తోటల్లో మామిడి పూతకొచ్చే నాటికి మొగ్గ తొడిగింది.

ఓ పొద్దున అది విచ్చుకుంది. మొక్కనైతే ట్రేల వెనక దాచొచ్చు గానీ, ఆ వాసననెక్కడ దాచను? అనుకుంటూ ఉండగానే గేటు చప్పుడైంది. బసవమ్మ ఎవర్నీ పలకరించకుండా తిన్నగా పెరట్లోకి వచ్చి, ట్రేలు పక్కకి జరిపి, వంగి పువ్వు వాసన చూసింది. లేచేసరికి ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

హరిచందనకి ఏడుపొచ్చింది. "తప్పయిపోయింది పిన్నిగారూ. దొంగతనంగా కోసుకొచ్చాను. కావాలంటే పీకి మీకిచ్చేస్తాను. నాతో మాట్లాడ్డం మాత్రం మానకండి."

"పీకావంటే చేతులు విరగ్గొడతా!" బసవమ్మ ఓ ట్రే బోర్లించి దాని మీద కూలబడింది. "ముసునూరులో మా ఆడపడుచుకిచ్చా. రెడ్డిగూడెంలో మా అక్కకిచ్చా. అడిగినవాళ్ళకల్లా ఇచ్చా. ఒక్కటంటే ఒక్కటి బతకలా. ఈ గులాబీ చేత్తో ఇస్తే బతకదే, ఎత్తుకొస్తేనే బతుకుద్దని మా అమ్మ చెబుతానే ఉండేది. అందుకే నిన్ను కసిరా. కసరకపోతే నువ్వు దొంగతనం చేసే రకమేనా?"

హరిచందనకి భయం ఒక్కసారిగా దిగిపోయి నవ్వొచ్చింది. "మరైతే ఆ కన్నీళ్ళెందుకండీ?"

"నా చెట్టు పోయిందమ్మాయ్. తుఫాను వానకి వేరు కుళ్ళి చచ్చిపోయింది. నువ్వు మా పెరట్లోకి రావడమే మానేశావు, నీకెట్టా తెలుస్తుంది? ఇప్పుడు ఊరు మొత్తానికి ఇదొక్కటే మిగిలింది."

"అయ్యో, అంతేనా! ఉండండి, ఇప్పుడే మంచి కొమ్మ చూసి కోసిస్తా," అంటూ హరిచందన కత్తెర తీసింది.

బసవమ్మ గభాల్న ఆ చెయ్యి పట్టుకుంది. "నువ్వివ్వకే తల్లీ! లోపలికెళ్ళి నిదానంగా కాఫీ పెట్టుకుని రా, ఈలోగా నేను దొంగతనం చేసుకుంటా."