తడవని పెట్టె

అడవి టర్కీ కోళ్ల వేటకని వానలో పొలం గట్టున బోర్లా పడుకున్న హార్లన్‌ను కూతురు డెల్ఫా గిల్లింది.

"నాన్నా, ఆడ టర్కీ పిలుస్తోంది!"

"టర్కీ కాదే. చివర్లో ఆ జీర విన్లేదూ? పుంజుల్ని రప్పించడానికి మీ తాత చెక్కిన పిలుపుపెట్టె అది."

"నిరుడు వాగులో కొట్టుకుపోయిందని వెండెల్ బాబాయి ఏడ్చాడుగా?"

"నేనేగా ఊరుకోబెట్టింది!"

ఆ పిలుపు నమ్మి ఒక పుంజు అవతలి పొదల వైపు పరుగెత్తింది. తుపాకీ పేలింది. పొదలోంచి వెండెల్ లేచాడు. పడిన పుంజు వంక చూడనైనా చూడకుండా, తడిస్తే మూగబోయే పెట్టెను తుడిచి, రొట్టెల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చొక్కా లోపల దాచుకున్నాడు.

"బాబాయిని కేకెయ్యనా?"

"వద్దు," అన్నాడు హార్లన్. "దాని మీద చుక్క పడనివ్వట్లేదు చూడు. వాగులో పోయిందట!"