తొంభై కిలోల లోపు

“మాస్కు లేకుండా లోపలికి రావద్దన్నానా?” అంది భార్య, తల తిప్పకుండానే.

డ్రైవింగ్ మాస్టారు అప్పటికే తలుపు బార్లా తీసుకుని వచ్చేశాడు. ఆవిడ పొట్టకున్న గొట్టాన్ని మందునీళ్ల సంచీకి తగిలిస్తోంది. ఆ కాసేపూ తలుపు మూసి, ఫ్యాను ఆపి ఉంచాలి. సూక్ష్మజీవి ఒక్కటి లోపలికి పోయినా ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీలు రెండూ పాడయ్యాక ఆవిడ రోజుకి నాలుగుసార్లు, యూనిఫాంలు కుట్టే ఈ గదిలోనే, తన చేత్తో తనే డయాలసిస్ చేసుకుంటోంది. ఆ సంగతి మొగుడికి తెలియంది కాదు. తెలిసే వచ్చాడు, చేతిలో కాగితం ఊపుకుంటూ.

“ఏమిటిది? పొట్ట కోయించుకుంటావా?”

“బరువు తగ్గడానికి ఆపరేషను. రేపు ఏడింటికల్లా రమ్మన్నారు. కింద మీ సంతకం కావాలి.”

“పెట్టను.”

“నూట పద్దెనిమిది కిలోలున్నాను. తొంభై లోపుకి దిగితే తప్ప కిడ్నీ మార్చరు. కడుపు మాడ్చుకున్నా దిగట్లేదు. ఈ నీళ్లలో ఉన్న చక్కెరకే ఒళ్లొస్తోంది, పైగా రోజూ మీరు తెచ్చే కేకులొకటి.”

“ప్రేమగా తెస్తే అదీ తప్పేనా?”

“తడిగుడ్డతో గొంతు కోయడాన్ని ప్రేమ అనరు.”

డ్రైవింగ్ నేర్పే కారులో స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా, రెండో బ్రేకు మాస్టారి కాలి కింద ఉంటుంది. ఇంట్లోనూ ఆయనది అదే పద్ధతి.

“మత్తిచ్చాక లేవకపోతే?”

“పోతాను. ఇలాగే ఉన్నా పోతాను.”

“మరి ఈ గొట్టం?”

“కొన్నాళ్లు ఆస్పత్రిలో మెషీను మీద చేస్తారు, తర్వాత మళ్లీ ఇంట్లోనే. అన్నీ కనుక్కున్నాను. మీరే ఒక్కసారి కూడా డాక్టరు గడప తొక్కలేదు.”

మాస్టారికి కోపం నషాళానికి అంటింది. “నాకా చెప్తున్నావు? నీకు కిడ్నీ ఇస్తానని నలుగురి ముందూ మాటిచ్చిన మనిషిని.”

ఇచ్చాడు, నిజమే. రెండేళ్ల కిందట, చుట్టాలందరి ముందూ నిలబడి మరీ ఇచ్చాడు. ఆ ఒక్క మాటతో వచ్చిన పేరు ఇంతా అంతా కాదు. అప్పట్నుంచి ఏ పెళ్లికెళ్లినా ఆయనకి ముందు వరసలో కుర్చీ.

“ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. నువ్వు ముందు బరువు తగ్గు,” అన్నాడు మేకపోతు గాంభీర్యంతో.

“తగ్గడానికేగా సంతకం అడుగుతున్నాను.”

మాస్టారు కాగితాన్ని నిలువునా చించేశాడు.

ఆవిడ కదల్లేదు. “ఇంకొకటి ఇస్తారు. దాని మీద మీ అక్కగారి చేత పెట్టిస్తాను. మీరెందుకు పెట్టలేదో కూడా ఆవిడకి చెప్తాను.”

“ఏం చెప్తావే? భయపడ్డాడని చెప్తావా? చెప్పుకో.” ఆయన గొంతు ఇల్లెగిరిపోయేలా లేచింది. “అవును, భయమే. నువ్వు తొంభైకి దిగిన మర్నాడే నన్ను బల్ల మీద పడుకోబెట్టి కోస్తారు. నాకేం ఖర్మ? అందుకే తెచ్చాను కేకులు. నువ్వు ఎప్పటికీ దిగకూడదనే తెచ్చాను. చాలా?”

సంచీలోంచి నీళ్లు దిగడం పూర్తయింది. ఆవిడ గొట్టానికి మూత బిగించి, మాస్కు తీసి, మొదటిసారి మొగుడి మొహంలోకి చూసింది. అసహ్యం దాచుకోవాలని కూడా అనుకోలేదు.

“మీరు మాటిచ్చిన వారమే ల్యాబు వాళ్లు ఇంటికొచ్చి మీ రక్తం తీసుకెళ్లారే, ఆ పరీక్షలోనే మీ కిడ్నీ నాకు సరిపడదని తేలిందండి. వేరే దాత కోసం ఆవేళే పేరు రాయించుకున్నాను. మీరు బాధపడతారని చెప్పలేదు.”