ముక్క కోస్తే పాకుతది

రాజేశం దుర్గయ్య జాగ మింగాడు. చెల్లెలి మొగుడు కదా అని నమ్మితే నిలువునా ముంచాడు. దుర్గయ్య బైండింగ్ మిషన్ ఇనుప పిడి చంకలో దోపుకుని రాజేశం ఇల్లున్న చిక్కడపల్లి గల్లీలోకి తిరిగాడు.

అశోక్‌నగర్‌లో ఇద్దరిదీ ఒకటే జిరాక్స్ షాపు. ఇరుకు సందు. గ్రూప్స్ చదివే పిల్లలకు నోట్సులు తీస్తూ నాలుగేళ్లు భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు.

సకల జనుల సమ్మెలో నినాదాలిచ్చి దుర్గయ్య గొంతు బొంగురుపోయింది. దీపావళి దాటినా గొంతు తిరిగి రాలేదు. నారాయణగూడలో డాక్టర్ పైపు వేసి చూశాడు.

"గొంతుల పుండుంది, క్యాన్సర్ లెక్క కనబడ్తుంది. ముక్క తీసి పరీక్ష చేస్తేగాని చెప్పలేను."

రాజేశం అడ్డుపడ్డాడు. "వద్దు బామ్మర్దీ. ముక్క కోస్తే ఒళ్లంత పాకుతది. నాటుమందు తాగు. పైసలకు పరేషాన్ గాకు, నీ అంబర్‌పేట జాగ నేను తీసుకుంట."

సగం ధరకు రాయించుకున్నాడు. ఆ పైసలు కషాయాలకే పోయాయి. దుర్గయ్య మంచం పట్టాడు. ఆ తర్వాత బావ మొహం చూపించలేదు. ఫోన్ చేస్తే ఎత్తేవాడు, పలికేవాడు కాదు, పెట్టేసేవాడు.

దగ్గితే రక్తం పడేసరికి దుర్గయ్య తెగించి సర్కారు దవాఖానలో ముక్క కోయించుకున్నాడు. ఇవాళే రిపోర్టు వచ్చింది.

"క్యాన్సరని ఎవరు చెప్పిండ్రయ్యా? గొంతు టీబీ. ఆరు నెలలు గోళీలు మింగు, పైసా ఖర్చు లేదు" అంది డాక్టరమ్మ. "దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకో, పక్కోళ్లకు అంటుతది."

రాజేశం తలుపు తీయగానే మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. రెండోది భుజం మీద. ఎముక పటుక్కుమంది.

"బతికుండంగనే పాతిపెట్టినవ్ గదరా బావా!" దుర్గయ్య నోట్లోంచి మాట సగం, గాలి సగం.

రాజేశం నోరు తెరిచాడు. మూశాడు. కేక లేదు, బతిమాలుడు లేదు.

"ఒక్కసారి తప్పయిందను! జాగ మళ్ల రాసిస్త అను, ఇడిచిపెడ్త!"

రాజేశం తల అడ్డంగా ఊపాడు.

ఇంత పొగరా! దుర్గయ్య అతని జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. సున్నం మీద ఎర్రగా చారలు కట్టాయి. మెడకు చుట్టుకున్న తువ్వాల పట్టి మెలితిప్పాడు. ఇంత జరిగినా గల్లీలో ఒక్కరికీ వినబడలేదు.

వంటింట్లోంచి చెల్లెలు అనసూయ ఉరికొచ్చింది. చేతిలో కషాయం గ్లాసు జారి పగిలింది. అన్న కాళ్ల మీద పడింది.

"ఇడువన్నా, నువ్వు భయపడ్తవని చెప్పలేదుగని ఆయనకు గూడ నీ లెక్కనే గొంతుల క్యాన్సరొచ్చి మాట పోయి నాలుగు నెలలాయె, ముక్క కోయనియ్యక గీ కషాయాలకే అమ్ముకున్నం నీ అంబర్‌పేట జాగ, అరవై గజాలకు అరవై గజాలు!"