రాజవ్వ దయ్యం

నర్సింగం నాటకంలో దయ్యం వేషం కట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

నర్సింగం గోదావరిఖనిలో బొగ్గుబావి గుమాస్తా. సాయంత్రాలు కార్మికుల చేత నాటకాలాడిస్తాడు. ఈసారి రాజవ్వ దయ్యం కథను నాటకంగా రాశాడు. ఆ కథ చెప్పి పిల్లల్ని భయపెట్టని తల్లి కార్మికవాడల్లో లేదు.

గోదావరి అవతలి ఊళ్లో సదయ్య అనే రైతు కూతురు రాజవ్వ. తండ్రి కుదిర్చిన పెళ్లి వద్దని నదిలో దూకింది. శవం దొరకలేదు. అప్పటినుంచి ప్రతి అమావాస్యకూ తడిచీరతో ఇంటి గడప ముందుకు వస్తుంది. తండ్రి కాళ్లమీద పడి, తప్పయింది, తలుపు తియ్యమని ఏడుస్తుంది. కళ్లారా చూశానని సదయ్యే చెప్పాడు. ఇక అనుమానించేదెవరు?

ఆ వేషం కట్టినవాళ్లను రాజవ్వ పట్టుకుంటుందని భయం. మగవాళ్లే వెనక్కి తగ్గారు. అప్పుడు యేసమ్మ ముందుకొచ్చింది. బావిలో పనిచేసే యోబు భార్య ఆమె. చర్చిలో పాటలు పాడుతుంది. మంచి గొంతు.

"నేనేస్త," అంది. "నన్నేం పట్టది."

రిహార్సల్స్ బాగానే సాగాయి. చివరి సీను దగ్గర వచ్చింది చిక్కు. యేసమ్మ కాళ్లమీద పడదు.

"పడనంటె పడ," అంది. "నచ్చని పెండ్లి వద్దన్నది. గంతే గద. దానికి చచ్చినంక గూడ మొక్కాల్నా?"

నర్సింగం బతిమాలాడు. కోప్పడ్డాడు. పదిహేనేళ్లుగా జనం నోట్లో నానిన కథ, ముగింపు మారిస్తే కుర్చీలు విరగ్గొడతారన్నాడు. పైగా మద్రాసు నుంచి ఒక సినిమా నిర్మాత వస్తున్నాడు. నాటకం నచ్చితే సినిమా తీస్తాడు. ఆయనకు కావలసింది ఆ ఏడుపే. రాజవ్వ తండ్రిని కూడా పిలిపించి ముందు వరుసలో కూర్చోబెట్టమని కబురు చేశాడు.

"ఆ తండ్రి నిజంగనే వస్తడా?" అని అడిగింది యేసమ్మ.

వస్తాడన్నాడు నర్సింగం. ఆ తర్వాత ఆమె వాదించలేదు. దారికొచ్చిందనుకున్నాడు.

నాటకం రోజు సాయంత్రం ఫస్టు షిఫ్టు దిగినవాళ్లంతా పెళ్లాం పిల్లలతో వచ్చారు. మైదానం నిండిపోయింది. సదయ్యను నిర్మాత పక్కనే కూర్చోబెట్టారు. ముసలాయనకు చూపు సరిగా ఆనదు. వేదికకేసి మెడ చాచి, చెవి ఒగ్గి కూర్చున్నాడు.

చివరి సీను వచ్చింది. తండ్రి వేషంలో ఉన్న పోశం గడప మీద నిలబడ్డాడు. తడిచీరతో, మొహానికి తెల్లరంగుతో యేసమ్మ నడిచి వచ్చింది. పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. పోశం కాళ్లు కాస్త ముందుకు జరిపాడు.

యేసమ్మ వంగలేదు. పోశాన్ని వదిలేసి, జనం వైపు తిరిగి నిటారుగా నిలబడింది.

"తలుపు తియ్యమని అడుగుతలేను. నేను తప్పు చెయ్యలే. నా తొవ్వ నేను ఎంచుకున్న. ఏడ్సుడు నాతోని కాదు."

తెర పక్కన నర్సింగం తల పట్టుకున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. కాసేపటికి ఆడవాళ్లందరూ కొట్టారు. మగవాళ్లూ కలిశారు. కుర్చీలేవీ విరగలేదు.

నిర్మాత మాత్రం లేచాడు. ఏడవని దయ్యం సినిమాకు పనికిరాదని చెప్పి జీపెక్కాడు.

తెర వెనక నర్సింగం విరుచుకుపడ్డాడు. చేతికందిన సినిమా పోయిందన్నాడు. ఊరంతా ఎరిగిన కథను మార్చడానికి నువ్వెవరని నిలదీశాడు. యేసమ్మ యోబు అందించిన తువ్వాలతో మొహం తుడుచుకుంటూ ఉంది.

ఇంతలో సదయ్య తెర తడుముకుంటూ లోపలికొచ్చాడు.

"నా బిడ్డ గట్ల ఎదురు మాట్లాడది. నా కాళ్లమీద పడి ఏడ్సింది. కథెందుకు మార్చినవమ్మా?"

యేసమ్మ రంగంతా తుడుచుకుంది. ఆయన కళ్లకు ఆనేంత దగ్గరికి వెళ్లి నిలబడింది.

"మార్చింది నువ్వే నాయినా, గా పొద్దు నేను గోదాట్ల దుంకలే, యోబుతోని పడవెక్కి ఇవతలి ఒడ్డుకొచ్చిన."