మొదటి సంవత్సరం లేని సీనియర్

యమునకు ఆ మధ్యాహ్నం ఒక జూనియర్ కావాలి. అదీ తనను చూసి వణికే జూనియర్.

దొరక్కపోతే ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో ఏడాదంతా ఒక్కతే నిలబడాలి. వైర్లు కలిపితే మీటరు చూసే మనిషి ఉండదు. మీటరు చూస్తే స్విచ్చి వేసే మనిషి ఉండదు. "ఏమ్మా, నీ బ్యాచ్ ఏది?" అని సార్ రోజూ అడుగుతున్నాడు. యమునకు బ్యాచ్ లేదు. ఆమెను ఎవరూ కలుపుకోలేదు.

ఆమె చేసిన తప్పల్లా అక్కడ మొదటి సంవత్సరం చదవకపోవడం. పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసింది. ఈసెట్ రాసింది, ర్యాంకు తెచ్చుకుంది. డిప్లొమా వాళ్లకు ఇంజనీరింగ్‌లో నేరుగా రెండో సంవత్సరంలో సీటిస్తారు కదా, ఆ దారినే వనపర్తి అవతలి ఈ కాలేజీకి వచ్చింది. రెండు వేల ఆరులో ఆ సీటు వచ్చిన రోజు గద్వాలలో వాళ్ల వీధంతా మైసూర్‌పాక్ పంచారు. ఇక్కడికొచ్చాక తెలిసింది, క్లాసులో వాళ్ల లెక్క వేరని.

"సీనియర్ అంటే ఒకప్పుడు జూనియర్ అయినోళ్లు," అంది పూర్ణిమ. క్లాసులో ఆమె మాటే చెల్లుతుంది. "మేం ఏడాదంతా తల దించుకొని నడిచినం. క్యాంటీన్‌ల నిలబడి తిన్నం. నువ్వేంది, కిటికీలకెల్లి దుంకినట్టు సక్కగ మా పక్కకొచ్చి కూసున్నవ్."

"దుంకలే. పరీక్ష రాసొచ్చిన."

"గది మాకు తెల్వదు."

చివరికి శ్రీనివాస్ అనే క్లాస్‌మేట్ మధ్యలో పడి ఒక రాజీ కుదిర్చాడు. "ఒక పని చెయ్. ఈ వారం కొత్తగొచ్చిన ఫస్టియరోళ్లల్ల ఒక్కనితోని క్యాంటీన్‌ల అందరి ముంగట ఇంట్రో చెప్పియ్యి. వాడు నిన్ను మేడం అని సలాం కొట్టాలె. గప్పుడు నువ్వు సీనియర్‌వే. రేపట్నుంచి మా బ్యాచ్‌ల కలుపుకుంటం."

కాలేజీ గేటు దగ్గర 'ర్యాగింగ్ నిషేధం' అని ఇంత పెద్ద బోర్డుంది. ఇంట్రో ర్యాగింగ్ కిందికి రాదని క్లాసు మొత్తం ఏకగ్రీవంగా తీర్మానించుకుంది.

క్యాంటీన్‌లో ఫస్టియర్ వాళ్లంతా గోడకు అతుక్కుని ఉన్నారు. "గా కళ్లద్దాలోన్ని పట్టు," అని చెవిలో ఊదింది పూర్ణిమ. "ఉఫ్ అంటే ఏడుస్తడు."

యమున తల అడ్డంగా ఊపింది. మూలబల్ల దగ్గర ఒకడు కాళ్లు బారజాపుకుని, తాపీగా సమోసా తింటున్నాడు. ఆరడుగుల మనిషి. మీసం కూడా గట్టిదే.

"గాడు కావాలె."

శ్రీనివాస్ పరేషాన్ అయ్యాడు. "వద్దు. నిన్న థర్డియరోళ్లు పేరడిగితే, ముందుగాల మీ పేరు చెప్పుండ్రి అన్నడంట. నీ ఇజ్జత్ తీస్తడు."

యమున వినలేదు. వెళ్లి వాడి బల్ల ముందు నిలబడింది. వాడు ఫక్కున నవ్వాడంటే తన పని అయిపోయినట్టే.

"లే," అంది.

క్యాంటీన్ అంతా ఇటు తిరిగింది. వాడు తలెత్తి చూశాడు. మీసం ఒక పక్కకు కదిలింది. నవ్వబోతున్నాడు. అప్పుడు వాడి చూపు ఆమె వెనకాల కాచుకున్న పూర్ణిమ గుంపు మీద పడింది. గబుక్కున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"గుడ్ ఆఫ్టర్నూన్ మేడం."

"పేరు?"

"నిరంజన్ మేడం."

"ఊరు?"

"గద్వాల మేడం."

"మీ ఊరోడే," అన్నాడు శ్రీనివాస్ వెనక నుంచి.

"అయితేంది? తల దించు." దించాడు. "ఎంసెట్ ఎన్నిసార్లు రాసినవ్?"

"మూడుసార్లు మేడం."

"మూడోసారి సీటెట్లొచ్చింది?"

"ఇంట్ల ఒకరు మొట్టికాయలు పెట్టి సదివిచ్చిన్రు మేడం."

"మంచి పని చేసిన్రు. ఇంకో రెండు పెట్టాల్సుండె."

క్యాంటీన్ గొల్లుమంది. యమునకు హుషారెక్కింది. పైన తిరుగుతున్న ఫ్యానుకు నమస్తే పెట్టమంది. పెట్టాడు. బల్ల మీద మూత పెట్టి ఉన్న టిఫిన్ బాక్సు వైపు వేలు చూపింది. "జొన్నరొట్టె, పల్లి చట్నియే గద. చట్ని ఇటియ్యి."

"మూత తియ్యకుండనే చెప్పింది," అన్నాడు శ్రీనివాస్ నోరు తెరిచి.

"గద్వాలోళ్ల బాక్సుల ఇంకేముంటది," అంది పూర్ణిమ.

నిరంజన్ చట్నీ గిన్నెను రెండు చేతులతో అందించాడు. ఆ వణుకుకు మూత టకటకమని కొట్టుకుంది. ఆపైన అడగకుండానే మడమలు కలిపి, ఛాతీ విరిచి ఒక సలాం కొట్టాడు. ఈలలు పడ్డాయి. కళ్లద్దాల పిల్లాడు భయపడి తనూ ఒకటి కొట్టాడు.

పూర్ణిమ తన పక్క కుర్చీ లాగింది. "కూసో. రేపు ల్యాబ్‌ల మా బల్లకాడికి రా. మీటరు నువ్వే చూడు, డిప్లొమాల అన్ని చేసొచ్చినవ్ గద."

యమునకు ఒళ్లు తేలిపోయింది. ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. అది రోజూ తినే చట్నీయే, ఆ రోజు మాత్రం వేలు నాకి మరీ తింది.

సాయంత్రం గద్వాల బస్సు కిటకిటలాడింది. పెబ్బేరులో సగం ఖాళీ అయింది. బీచుపల్లి వంతెన రాగానే యమున కిటికీలోంచి ఆంజనేయస్వామికి దండం పెట్టుకుంది. కళ్లు తెరిచేసరికి, అప్పటిదాకా ఫుట్‌బోర్డు దగ్గర నిలబడ్డ నిరంజన్ వచ్చి పక్కసీట్లో కూలబడ్డాడు. ఆమె ఒళ్లోంచి ఖాళీ గిన్నె తీసుకుని తన సంచిలో వేసుకున్నాడు.

"ల్యాబ్‌ల కలుపుకున్నరు గద చెల్లే, ఇగ ఇంటికి వోయినంక అమ్మ ముందర నన్ను అన్నా అనే పిలువు."